అందరికీ చెప్పి బయల్దేరదామని

తక్కువ ఖర్చుతో నెలల తరబడి దేశాలు తిరగడం ఎలాగో తెలుసుకోవాలనుకునేవాళ్ళు తెనాలిలో మా ఇంటికి వచ్చేవారు. ఎవరు పంపేవారో తెలియదు, ఎవరో ఒకరు పంపేవారు. మస్కట్ వెళ్ళబోయే నర్సమ్మలు, సింగపూర్‌లో పని దొరికిందన్న వెల్డర్లు, ఒకసారి యెరూషలేము యాత్రకు సిద్ధమైన రిటైర్డు హెడ్మాస్టరు దంపతులు. మా ఆయన వాళ్ళను వరండాలో కూర్చోబెట్టి, నా చేత టీ పెట్టించి, ఓపిగ్గా చెప్పేవారు. మనిషికి ఒక్క సంచి చాలు, అది భుజాన వేసుకుని మైలు దూరం నడవగలగాలి. పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి సంచిలో, ఇంకొకటి ఒంటిమీద ఉంచుకోండి. డబ్బంతా ఒకేచోట పెట్టొద్దు. రైలు దిగగానే కనిపించిన మొదటి హోటల్లో దిగొద్దు, సంచి క్లోక్‌రూములో పడేసి రెండు వీధులు తిరిగి చూడండి. పది ఊళ్ళు చూసే బదులు ఒక ఊళ్ళో నెల ఉండండి, అద్దె తగ్గుతుంది, కూరగాయలావిడ కూడా మీ మొహం గుర్తుపడుతుంది.

ఇన్ని చెప్పిన మనిషి అప్పటికి మద్రాసు దాటలేదు. నేనూ దాటలేదు. వచ్చినవాళ్ళు ఆ మాట అడిగేవారు కాదు, మేమూ పనిగట్టుకుని చెప్పేవాళ్ళం కాదు.

ఈ విద్య మాకు బాపట్ల స్టేషన్లో అబ్బింది. ఎనభైల మొదట్లో మాట. ఆయన బాపట్లలో గుమాస్తా, నేను తెనాలిలో ఆడపిల్లల బడిలో సోషల్ టీచర్ని. ఆయన రోజూ ప్యాసింజరులో వెళ్ళి వచ్చేవారు. ఒక సాయంత్రం ఇద్దరు తెల్లవాళ్ళను, మొగుడూ పెళ్ళాలను, వెంటబెట్టుకుని ఇంటికొచ్చారు. వాళ్ళు ఎక్కవలసిన రైలు తప్పిపోయిందట, ప్లాట్‌ఫారమ్ మీద పడుకుంటామన్నారట, ఈయన ఊరుకోలేకపోయారు. అంతకు కొద్దిరోజుల ముందే వాళ్ళు లంక నుంచి పడవలో రామేశ్వరం దిగారు. ఇల్లు విడిచి ఏడాది దాటింది. ఇద్దరూ బడిపంతుళ్ళే. ధనవంతులయితే తప్ప దేశాలు తిరగలేరని అప్పటిదాకా నేననుకున్నది ఆ ఒక్క పూటలో పోయింది.

ఆవిడ మాట్లాడుతూ మాట్లాడుతూనే మా పంపు దగ్గర తన చొక్కా ఉతికింది. ఉతికినదాన్ని పొడి తువ్వాలులో పరిచి, చుట్టగా చుట్టి, నా చేతికొక కొస ఇచ్చి, ఇద్దరం రెండువైపుల నుంచీ మెలిపెట్టాం. తీసి ఆరేస్తే గంటలో ఆరిపోయింది. ఇలాగయితే రెండు జతలతో ప్రపంచమంతా తిరగొచ్చు అంది. అన్నం తిన్నాక మా ఆయన అడిగినవన్నీ ఆవిడ మొగుడు చెప్పాడు. ఆయన కళ్ళార్పకుండా విన్నారు. వాళ్ళు రెండు రోజులుండి వెళ్ళారు. వెళ్ళేటప్పుడు ఆవిడ నాతో, లంక మీ గుమ్మంలోనే ఉంది, మూడు గంటల పడవ ప్రయాణం, దాంతో మొదలుపెట్టండి అంది.

ఏటా ఆరో తరగతి పిల్లలకు నేను బోర్డు మీద ఇండియా గీసి, కింద మామిడికాయలాగా లంక గీసేదాన్ని. ఇరవై ఏళ్ళు గీసినా అది నాకు సుద్దముక్క గీతే. మాకు పిల్లలు లేరు. ఆయనకు నేను, నాకు ఆయన. నేను గీసి చెరిపేసిన దేశాల్లో ఒక్కదాన్నయినా ఆయన పక్కన నడుస్తూ చూడాలని ఆ రోజు పట్టుకున్న కోరిక మళ్ళీ నన్ను వదల్లేదు. ఆయనతో చెప్పాను. ఆయన నాకంటే ముందే నిశ్చయం చేసుకుని ఉన్నారు. ముందు లంక, అక్కడ రెండు నెలలు. తిరిగొచ్చి మద్రాసులో మలయా వెళ్ళే ఓడ ఎక్కాలి. జీతం లేని సెలవు ఇద్దరం పెట్టొచ్చు.

"కాకపోతే ముందు ప్రాక్టీసు చెయ్యాలోయ్," అన్నారు.

ఈ ప్రాక్టీసు గురించి ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, వెంటనే ఏడుపూ వస్తుంది. శని, ఆదివారాలు కలిసొచ్చినప్పుడు చెరొక సంచీ తగిలించుకుని, విదేశంలో దిగినట్టే ఏదో ఒక ఊళ్ళో దిగాలి. లాడ్జీ వెతుక్కోవాలి, బేరమాడాలి, జనం ఎక్కువున్న హోటల్లో తినాలి, బట్టలు తువ్వాలులో పిండుకోవాలి. మొదటిసారి రేపల్లె వెళ్ళాం. అది మా పుట్టింటి ఊరు, అక్కడ లాడ్జీలో దిగడమేమిటని నేనంటే, తెలిసిన ఊళ్ళో చెయ్యలేనివాళ్ళం తెలియని ఊళ్ళో ఏం చేస్తామన్నారు. లాడ్జీ గదిలో సంచి దింపి మంచం మీద కూర్చున్నామో లేదో మా చిన్నాన్న తలుపు కొట్టాడు.

"ఏంటమ్మాయ్ ఇది? మేమంతా ఉండగా లాడ్జీలో దిగుతారా? ఊళ్ళో నా మొహం ఎక్కడ పెట్టుకోను?"

మా వైపు ఇది మామూలు తగువు కాదు. చుట్టాలున్న ఊళ్ళో డబ్బిచ్చి పడుకోవడమంటే ఆ చుట్టాన్ని చెప్పుతో కొట్టినంత. రిక్షా ఎక్కించి ఇంటికి తీసుకుపోయాడు. రెండోసారి బాపట్ల. అక్కడ ఆయన పెద్దమ్మ. మూడోసారి, ఎవరూ లేని చోటు చూద్దామని వాడరేవు వెళ్ళి, బెస్తవాళ్ళ ఇంట్లో గది తీసుకున్నాం. ఒక పూట హాయిగా గడిచింది. చేపల పులుసు తిని సముద్రం ఒడ్డున కూర్చుంటే నిజంగానే పరాయి దేశంలో ఉన్నామనిపించింది. మర్నాడు చీరాల నుంచి సైకిలు మీద ఒకాయన వచ్చాడు. ఆయన మా ఆడపడుచు మరిదికి బావమరిది.

"ఏంటి బావగారూ, మేం చచ్చామనుకున్నారా?" అన్నాడు.

రెండు సంచులతో వెళ్ళి అయిదు సంచులతో తిరిగొచ్చాం. మునక్కాయలు, ఎండు రొయ్యలు, ఒక జాడీ మాగాయ. తెనాలి స్టేషన్లో దిగాక మా ఆయన సామాను వైపు చూసి, మైలు దూరం మోయగలమా అని అడిగితే నేను పడీపడీ నవ్వాను. ఆ రోజుల్లో నవ్వగలిగేదాన్ని. ఎందుకంటే ప్రయాణం ముందుందని నాకు తెలుసు.

పాస్‌పోర్టులొచ్చాయి. సెలవు మంజూరైంది. వేసవి సెలవులివ్వగానే బయల్దేరాలనుకున్నాం. సంచులు సర్దేశాం కూడా. అప్పుడు ఆయన, "అందరికీ ఒక మాట చెప్పి బయల్దేరదాం," అన్నారు.

నేను వద్దన్నాను. ఉత్తరం రాసి పడేద్దామన్నాను. ఆ తెల్లాయన చెప్పిన మాట కూడా గుర్తుచేశాను, రోజు నిర్ణయించుకున్నాక ఎవరికోసమూ ఆగొద్దన్నాడు కదా అని. ఆయన నొచ్చుకున్నారు. "వాళ్ళకేం తెలుసోయ్ మన సంగతి? నెలల తరబడి పోతూ చెప్పాపెట్టకుండా పోతే మనల్ని మనుషులంటారా?" అన్నారు. అది నిజమే. నాకూ తెలుసు అది నిజమని. అందుకే మెత్తబడ్డాను.

బాపట్ల పెద్దమ్మగారింటి నుంచి మొదలుపెట్టాం. ఒక ఇంటికి వెళ్ళి పక్కింటికి వెళ్ళకపోతే మాటొస్తుంది. వెళ్ళిన ప్రతి ఇంట్లో కోడి కొయ్యాల్సిందే, బట్టలు పెట్టాల్సిందే, ప్రయాణ ప్రార్థన చెయ్యాల్సిందే. మా లూథరన్ కుటుంబాల్లో ప్రయాణ ప్రార్థనంటే అది రెండు ముక్కల్లో తేలేది కాదు. పాట పాడాలి, వాక్యం చదవాలి, ఇంటిపెద్ద నోవహు ఓడ దగ్గర మొదలుపెట్టి పౌలు ఓడ పగిలిపోయిందాకా వచ్చి అప్పుడు ఆమెన్ అనాలి. పౌలు ఓడ వచ్చినప్పుడల్లా ఆడవాళ్ళు నావైపు చూసి కళ్ళు తుడుచుకునేవాళ్ళు. మాతో రెండు చీరలే వస్తాయంటే ఎవరూ నమ్మలేదు. సంచిలో పట్టవని చెప్పినా వినకుండా పచ్చళ్ళు కట్టారు. అంగలకుదురులో మా ఆయన మేనమామగారు కందిపొడి, కారప్పొడి, తేలు కుడితే రాసే మందు ఇచ్చారు.

వేసవి అలాగే గడిచిపోయింది. ఇక చాలు అన్నాను. రేపల్లె వాళ్ళు మిగిలారన్నారు ఆయన. అది నా పుట్టిల్లు కాబట్టి నా నోరు మూతపడింది. అక్కడికి వెళితే మా చిన్నాన్న ఒంటికాలి మీద లేచాడు.

"పడవెక్కి పరాయి దేశం పోతా, స్టేషన్‌కి నలుగురు రాకుండా పోతారా? ఎవరూ లేని వాళ్ళ మాదిరి? నాట్లు అయిందాకా ఆగండి. ఇప్పుడు పొలం ఇడిచి ఒక్కడూ రాలేడు. నాట్లు అవగానే అందరం తెనాలి వచ్చి, దండలేసి రైలెక్కిస్తాం."

మా ఆయన మొహం వెలిగిపోయింది. చిన్నప్పుడే తండ్రి పోయి, ఆ ఇంటా ఈ ఇంటా పెరిగిన మనిషి. తనకోసం ఇంతమంది స్టేషన్‌కి వస్తారంటే కరిగిపోయారు. నేను ఆ మొహం చూశాను. సరే చిన్నాన్నా అన్నది నేనే. ఆ "సరే"ని ఎన్నిసార్లు మనసులో వెనక్కి తీసుకున్నానో లెక్కలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమయ్యాయి. కాలవలకు నీళ్ళు ఆలస్యంగా వదిలారు. నారుమళ్ళు ఎదగాలి, దమ్ము చెయ్యాలి, కూలీలు దొరకాలి. సర్దిన సంచులు గోడవారన అలాగే ఉన్నాయి. రోజూ ఊడ్చేటప్పుడు వాటిని పక్కకు జరిపి, ఊడ్చి, మళ్ళీ పెట్టేదాన్ని. నాట్లు పూర్తవుతున్నాయని రేపల్లె నుంచి కబురొచ్చింది. అదే వారంలో లంకలో గొడవలు మొదలయ్యాయని రేడియోలో చెప్పారు. ఇళ్ళు తగలబెడుతున్నారని, జనం పారిపోయి వస్తున్నారని పేపర్లో వచ్చింది. కొన్నాళ్ళాగి చూద్దామనుకున్నాం. ఆగినకొద్దీ కబుర్లు ముదిరాయి తప్ప తగ్గలేదు. చివరికి పడవే ఆపేశారు.

సెలవు రద్దు చేసుకుని ఇద్దరం పనిలో చేరిపోయాం. మలయా ఓడయినా ఎక్కుదామని నేనంటే, అప్పటికే ఏడాదిలో సగం పోయింది, దాచుకున్నదాంట్లో సగం చుట్టాలకు తిరుగు బట్టలు పెట్టడంలో పోయింది. వచ్చే ఏడు చూద్దామన్నారు ఆయన.

నన్ను కాల్చింది అది కాదు. ఏ ఇంట్లో కోడికూర తిన్నామో ఆ ఇళ్ళవాళ్ళంతా మళ్ళీ వచ్చారు, ఈసారి కృతజ్ఞతా ప్రార్థన కూడిక పెట్టమని. "దేవుడు తప్పించాడు. మేం ఆపకపోతే మీరు ఆ మంటల్లో ఉండేవాళ్ళు," అన్నారు. పెద్దమ్మగారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆవిడ ప్రేమ అబద్ధం కాదు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. వేసవిలోనే వెళ్ళి ఉంటే రెండు నెలలు తిరిగి, ఆ గొడవలకు ముందే మలయా ఓడ మీద ఉండేవాళ్ళం. ఆ మాట గొంతుదాకా వచ్చేది. మా ఆయన కళ్ళు మూసుకుని ఆమెన్ అంటుంటే మింగేసేదాన్ని. దేవుడు తప్పించాడన్న మాటను ఆయన గట్టిగా పట్టుకున్నారు. అది వదిలితే మిగిలేది ఏమిటో ఆయనకూ తెలుసు కాబోలు.

వచ్చే ఏడు, ఆ వచ్చే ఏడు. ఒక ఏడు అత్తగారి జబ్బు, ఒక ఏడు ఆడపడుచు కూతురి పెళ్ళి, ఒక ఏడు ఆయన ప్రమోషన్. పాస్‌పోర్టుల గడువు తీరితే మాత్రం కొత్తవి చేయించేవారు. ఒక్క ముద్రయినా పడకుండానే అవి మురిగిపోయాయి. వరండాలో సలహాల దుకాణం పెరిగింది. వెళ్ళొచ్చినవాళ్ళు తెచ్చిన కబుర్లతో ఆయన విద్య ఇంకా పదునెక్కింది. ఫలానా ఎయిర్‌పోర్టులో నీళ్ళెక్కడ తాగాలో కూడా చెప్పేవారు. లోపల వంటింట్లో వింటూ నేను గిన్నెలు చప్పుడు చేసేదాన్ని.

తొంభైల నడుమ, రిటైరవడానికి ఇంకా కొద్దికాలం ఉందనగా ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది. కొన్ని నెలలకు మాట తిరిగింది కానీ ముద్దముద్దగా వచ్చేది. కాలు తిరగలేదు. ఇక మంచం, వరండా, అంతే. ఒక రోజు అన్నం తినిపిస్తుంటే, "నువ్వెళ్ళు," అన్నారు.

"ఎక్కడికండీ?"

"లంకకి. నీ పాస్‌పోర్టు ఇంకా బతికే ఉందిగా. వెళ్ళి చూసిరా. వచ్చి నాకు చెప్పు."

నేను ఒప్పుకోలేదు. ఆయన పట్టు వదల్లేదు. అన్నం తినడం మానేస్తానని బెదిరించారు. బాపట్ల నుంచి ఆడపడుచు వచ్చి, "నేను చూసుకుంటాగా వదినా, ఎళ్ళు. లేకపోతే అన్నయ్య మనసు నిమ్మళించదు," అంది. చివరికి వేసవి సెలవుల్లో నెల రోజులకని తలూపాను. ఆయన నా చెవి దగ్గరకు నోరు తెచ్చి, "ఎవ్వరికీ చెప్పకు," అన్నారు. అది విన్నాక నేను పెరట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చి వచ్చాను.

ఎవ్వరికీ చెప్పలేదు. రెండు చీరలతో మద్రాసు వెళ్ళి, అక్కడి నుంచి విమానమెక్కాను. పడవ మళ్ళీ మొదలవనేలేదు. విమానంలో వాళ్ళిచ్చిన టిఫిన్ తిని, చెయ్యి తుడుచుకునేలోగా దిగేశాం. తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరులో ఇంతకంటే ఎక్కువసేపు పడుతుంది. కొలంబోలో సైనికులు సంచి తెరిచి చూసి మర్యాదగా పంపించారు. గొడవలు ఉత్తరాన, నేను వెళ్ళేది దక్షిణానికి. క్రైస్తవ స్త్రీల హాస్టల్లో మంచం చవగ్గా దొరికింది. ఆయన చెప్పినట్టే రెండు వీధులు తిరిగి, జనం మూగిన చోట ఆప్పం, కొబ్బరి పచ్చడి తిన్నాను. చీర తువ్వాలులో చుట్టి, రెండో కొస పట్టుకునేవాళ్ళు లేక కిటికీ ఊచకు కట్టి పిండాను. తర్వాత సముద్రం ఒడ్డున చిన్న ఊళ్ళో ఒక ముసలావిడ ఇంట్లో గది తీసుకున్నాను. రెండో వారానికి కూరగాయలామె నన్ను చూడగానే నాకిష్టమైన బెండకాయలు తీసి పక్కన పెట్టేది. నేనెవరి కోడల్నని ఎవరూ అడగలేదు. ఏదీ తప్పలేదు. ఆయన చెప్పిన ఒక్కొక్క మాటా నిజమైంది. పుస్తకాల్లో చదివీ, వాళ్ళనీ వీళ్ళనీ అడిగీ ఆయన ఇంత సరిగ్గా తెలుసుకున్నారే అని గర్వపడ్డాను, ఆ వెంటనే దుఃఖం ముంచుకొచ్చేది.

ఆ ఊరికి పోయే రైలు సముద్రం అంచునే వెళుతుంది. కిటికీలోంచి చెయ్యి చాపితే తుంపర్లు తగులుతాయి. మొదటిసారి అలా నీళ్ళు కనబడగానే, "ఏమండీ, ఇటు చూడండి," అని పక్కకు తిరిగాను. పక్కనున్నది ఎవరో పెద్దమనిషి. భాష తెలియకపోయినా ఆయన మర్యాదకు కిటికీలోంచి చూసి తలాడించాడు. ఆ తర్వాత దారంతా నేను సముద్రం వైపు చూడలేకపోయాను.

ఇద్దరం నలభైల్లో ఉన్నప్పుడు, కాళ్ళు గట్టిగా ఉన్నప్పుడు, ఇది ఎంత తేలిగ్గా జరిగిపోయేదో నాకు అక్కడ ప్రతిరోజూ తెలిసింది. కష్టమై ఉంటే బాగుండునని కోరుకున్నాను. జబ్బు చెయ్యాలని, ఎవరో మోసం చెయ్యాలని, దారి తప్పాలని ఎదురుచూశాను. ఏమీ కాలేదు.

నెల తర్వాత తెనాలి వచ్చాను. ఆడపడుచు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, తల దువ్వి, ఉతికిన చొక్కా తొడిగింది. పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గది ఎలా దొరికిందని, నీళ్ళు కాచుకుని తాగావా అని, డబ్బు ఎక్కడెక్కడ దాచావని ఒక్కొక్కటే అడిగారు. అన్నీ చెప్పాను. సముద్రం సంగతి అడగలేదు, నేనూ చెప్పలేదు. బాగున్న చెయ్యి నా మోకాలి మీద వేశారు. నా మొహంలోకి చూడకుండా, వీధివైపు చూస్తూ అడిగారు.

"కష్టమేనా?"

పక్షవాతం వచ్చినవైపు కన్ను సగం మూసుకుపోయి ఉంది.

"చాలా కష్టమండీ," అన్నాను. "తిండి పడదు, ఎండలు, ఎక్కడ చూసినా మిలిటరీ. రోజూ భయమే. మనిద్దరం వెళ్ళినా వారం తిరక్కుండా పారిపోయి వచ్చేవాళ్ళం."

ఆయన నావైపు తిరిగారు. ఎన్నో ఏళ్ళుగా బిగబట్టుకున్నదేదో వదిలేసినట్టు పెద్దగా ఊపిరి వదిలారు.

"అయితే వెళ్ళకపోవడమే మంచిదైంది," అన్నారు.

"అవునండి," అన్నాను.